నల్లగొండలో పన్ను క్యాప్: ఏ రకానికి ఎంత, ఏ పన్నుకు ఏది

మా ఇంట్లో ఇద్దరికి క్యాపులు వేయించాం. అత్తమ్మకు కింది దవడ పన్ను, మా ఆయనకు పై వరుసలో ముందు పన్ను. క్లినిక్ ఒకటే, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర. ఒక్కో క్యాపుకు అక్కడ చెప్పిన ధరలు: పూర్తి మెటల్ 2,000. లోపల మెటల్, పైన పింగాణీ ఉండే సిరామిక్ 4,000. అదే సిరామిక్‌లో మెటల్‌ను పోత పోయకుండా లేజర్‌తో చేసే డీఎంఎల్ఎస్ 6,000. లోపల మెటల్ లేకుండా తెల్లగా, గట్టిగా ఉండే జిర్కోనియా వారంటీని బట్టి 9,000 నుంచి 14,000. మెటల్ లేని, గాజులాంటి పింగాణీతో చేసే ఈమ్యాక్స్ 12,000. రూట్ కెనాల్ ఖర్చు వేరే.

అంతకుముందు చూపించిన చోట అత్తమ్మకు జిర్కోనియా తప్ప వేరే మాటే ఎత్తలేదు. ఇక్కడి డాక్టరమ్మ అన్ని రకాలూ చేతికిచ్చి చూపించింది. "లోపటి పన్ను ఎవలకు కనబడ్తది బిడ్డా? గట్టిగుంటే చాలు" అన్నది అత్తమ్మ. డాక్టరమ్మ కూడా పూర్తి మెటల్ క్యాపే మంచిదంది. అత్తమ్మ పన్ను అరిగి పొట్టిగా ఉంది. మెటల్ పల్చగా ఉన్నా ఆగుతుంది కాబట్టి పన్నును కొంచెం చెక్కితే చాలు. సిరామిక్‌కు రెండు పొరలు పట్టాలి గనక ఎక్కువ చెక్కాలి, పైగా గట్టివి కొరికితే పింగాణీ పెచ్చు లేచే భయం.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. అత్తమ్మకు గిల్టు కమ్మలు పెడితే చెవులు పుండ్లు పడతాయి. ఆ మాట చెప్పగానే, గిల్టులో ఉండే నికెల్ పడట్లేదేమోనని డాక్టరమ్మ నికెల్ లేని కోబాల్ట్ క్రోమియం మెటల్ రాసింది. చవక మెటల్ క్యాపుల్లో చాలావాటిలో నికెల్ ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా గిల్టు పడకపోతే కొలత ఇవ్వకముందే చెప్పండి. 2,000తో పని అయిపోయింది, ఇప్పుడు అత్తమ్మ జొన్నరొట్టె హాయిగా నములుతోంది.

మా ఆయన సంగతి వేరు. మర్రిగూడ వైపు బోరునీళ్లు తాగి పెరిగిన మనిషి, పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. చిన్నతనంలో పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే ఫ్లోరైడ్ వల్ల పడే మచ్చలవి, ఎంత తోమినా పోవు. అలాంటి పళ్ల మధ్య పాలలాంటి తెల్ల క్యాపు పెడితే మాట్లాడినప్పుడల్లా ఎదుటివాళ్ల చూపు దాని మీదే పడుతుంది. సిరామిక్ అయితే లోపలి మెటల్ వెలుతురును ఆపేస్తుంది, పన్ను జీవం లేనట్టుంటుంది. కొన్నేళ్లకు చిగురు జరిగితే అంచున నల్లగీత కూడా బయటపడొచ్చు. ఈమ్యాక్స్ అందంగా ఉంటుంది గానీ దానిలోంచి వెలుతురు పోతుంది. రూట్ కెనాల్ అయ్యాక నల్లబడిన ఆయన పన్ను లోపలి నుంచి కనబడుతుందని వద్దన్నారు. చివరికి జిర్కోనియా మీద పింగాణీ పొర వేసేది 12,000కు ఖాయం చేశాం.

షేడ్ కార్డులో ఏ రంగూ ఆయన పళ్లతో కలవలేదు. డాక్టరమ్మ ఆయన్ను తలుపు దగ్గర పగటి వెలుతురులో నిలబెట్టి ఫోటోలు తీసి హైదరాబాద్ ల్యాబుకు పంపింది. మొదట వచ్చిన క్యాపు మరీ తెల్లగా ఉంది. మేం నోరు తెరవకముందే "ఇది పెట్టను సార్, మళ్లీ చేయిస్తా" అని తిప్పి పంపింది, అదనంగా పైసా అడగలేదు. రెండోది సన్నటి చారలతో సహా వచ్చింది. ఏది క్యాపో మా చెల్లెలు కూడా గుర్తుపట్టలేకపోయింది. ఆ 12,000కు నాకు ఏ బాధా లేదు. నలుగురిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే మనిషి ఇప్పుడు చెయ్యి తీసేశాడు.

నచ్చనివీ ఉన్నాయి. ధరల బోర్డు లేదు. విరిగిన పన్నును ముందు నింపి నిలబెట్టడానికి ఇంకో 1,000 అవుతుందని సగం పనిలో చెప్పారు. సాయంత్రాలు జనం ఎక్కువ, పొద్దున వెళ్లడం మేలు. బిల్లులో ఉత్త "క్యాప్" అని రాశారు, నేను అడిగి ఏ రకమో రాయించుకున్నా. జిర్కోనియాకు వారంటీ కార్డు ఇస్తారు, దాని మీద పేరు, నంబరు అక్కడే సరిచూసుకోండి. అది క్యాపు పగిలితేనే పనికొస్తుంది, కింద పన్ను పుచ్చితే ఆ ఖర్చు మనదే.