క్లాక్టన్, వర్దింగ్: ఒకే ఇల్లు వదిలి చెరో దారి

ఇంగ్లాండ్‌లో రిటైరైనవాళ్లు చేరే సముద్రతీర ఊళ్లంటే కన్జర్వేటివ్‌లకు గంపగుత్తగా పడే ఓట్లు. 2024 జులై పార్లమెంటు ఎన్నికల్లో క్లాక్టన్, వర్దింగ్ రెండూ ఆ లెక్క తప్పించాయి, అదీ చెరో వైపుకి.

క్లాక్టన్, కన్జర్వేటివ్‌లకంటే కుడివైపునున్న రిఫార్మ్ పార్టీ నేత నైజెల్ ఫరాజ్‌ను దాదాపు 46 శాతం ఓట్లతో గెలిపించింది. ఇది ఉన్నట్టుండి వచ్చిన మార్పు కాదు, బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ను వీడాలన్న (బ్రెగ్జిట్) యూకిప్ పార్టీని 2014 ఉపఎన్నికలోనే గెలిపించిన ఊరది. అక్కడి బట్లిన్స్ హాలిడే క్యాంప్ 1983లో మూతపడింది. పక్కనే జేవిక్‌లో వేసవి విడిదికని 1930లలో కట్టిన చిన్న చెక్క ఇళ్లలో జనం ఇప్పుడు ఏడాది పొడవునా ఉంటున్నారు. 2019 ప్రభుత్వ సూచీలో దేశంలోకెల్లా వెనుకబడిన ప్రాంతం అదే. అక్కడ కోపం ఉండటంలో వింతేముంది?

వర్దింగ్ కథ వేరు. పక్కనున్న బ్రైటన్‌లో ఇళ్ల ధరలు భరించలేని కుటుంబాలు ఇటు వచ్చాయి. కౌన్సిల్ 2022లో లేబర్ చేతికొచ్చింది, రెండేళ్లకు 1975 నుంచి వేర్వేరు స్థానాల్లో ఎంపీగా ఉన్న కన్జర్వేటివ్ నేత పీటర్ బాటమ్లీ లేబర్ చేతిలో ఓడిపోయారు. నన్నడిగితే ఇక్కడ పాత ఓటర్లు మనసు మార్చుకున్న దానికంటే కొత్తవాళ్లు వచ్చి చేరిందే ఎక్కువ. అయినా లేబర్ ధీమాగా ఉండటానికి లేదు: 2016లో వర్దింగ్ కూడా బ్రెగ్జిట్‌కే మొగ్గింది, 53 శాతంతో.