పర్లాకిమిడిలో గీసిన ఇల్లు, రెండు భాషల షీట్లు: ఆటోక్యాడ్ ఎల్‌టీ వ్యూపోర్టుల మీద నా రివ్యూ

పొద్దున్న ఏడు కాకుండానే పాతపట్నం నుంచి మేస్త్రి గారి ఫోన్. "ఏటమ్మా ఇది, హాలు కురచైపోయింది! పదిహేను అడుగులన్నారు కదా, నాకు పధ్నాలుగున్నర కూడా రావట్లేదు." ముగ్గు పోసేశారట. ఇంకా గునపం దించలేదు, అదొక్కటే అదృష్టం.

చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది, నాకు విషయం అర్థమైపోయింది. మేస్త్రి గారి లెక్క ఏళ్ళ నాటిది. కాగితం మీద అంగుళంలో ఎనిమిదో వంతు అంటే నేల మీద ఒక అడుగు. జేబులోంచి టేపు తీసి కాగితం మీద పెడతారు, ఎనిమిదో వంతులు లెక్కపెడతారు. అంటే అది 1:96 స్కేలు. నేను ఆయనకి ఇచ్చింది ఆఫీసు పర్మిషన్ కోసం 1:100లో తీసిన షీటు. పదిహేను అడుగులు 1:100లో 45.72 మిల్లీమీటర్లు, అంటే 1.8 అంగుళాలు. ఎనిమిదో వంతుల్లో లెక్కపెడితే 14.4. హాలు ఏడు అంగుళాలు తగ్గిపోయింది. ఆ గోడ కొలత షీటు మీద రాయడం నేనే మర్చిపోయాను, రాసి ఉంటే ఆయన టేపు తీసేవారే కాదు. తప్పు నేను కంప్యూటర్లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ ఎల్‌టీ సాఫ్ట్‌వేర్‌ది కాదు, మేస్త్రి గారిదీ కాదు. ముగ్గు చెరిపి మళ్ళీ పోశారు. అయినా నాకు మాత్రం ఆ రోజు నుంచి బుద్ధొచ్చింది. ఒకే ఇంటిని ఒకే ఫైల్లో పెట్టుకుని ఎవరికి కావలసిన స్కేల్లో వాళ్ళకి షీటు తీసే పని అప్పుడే సరిగ్గా నేర్చుకున్నాను. ఈ రివ్యూ ఆ పని గురించే.

నాది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు. 1936లో ఒడిశాలో కలిసింది, 1992 నుంచి గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, బజార్లో ఎవరికి ఏది వస్తే అది. పాతపట్నం రైల్లో వెళ్తే కూర్చునేలోపు దిగాలి, కానీ అది ఆంధ్ర. నాకు రెండు వైపుల నుంచీ పని వస్తుంది. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేశాను. బోర్డు మీద మినీ డ్రాఫ్టర్ బిగించి ట్రేసింగ్ పేపర్ మీద గీసిన చివరి బ్యాచీల్లో మాది ఒకటి అనుకుంటాను.

బోర్డు మీద గీసేటప్పుడు స్కేలు ముందే తేల్చుకోవాలి. ప్లాన్ 1:100, మెట్ల వివరం 1:20, సైట్ ప్లాన్ 1:500. మూడూ ఒకే షీట్లో మూడు చోట్ల మూడుసార్లు గీస్తాం. కంప్యూటర్ దగ్గరికి వచ్చాక కూడా నేను చాలాకాలం అదే పని చేశాను. మోడల్‌లో, అంటే అసలు కొలతల్లో బొమ్మ గీసే చోట, ప్లాన్ గీసి, బాత్రూం ముక్క కాపీ తీసి, దాన్ని ఐదింతలు చేసి పక్కన పెట్టేదాన్ని. ఐదింతలు చేయగానే కొలతలు కూడా ఐదింతలు చూపిస్తాయి. వాటిని ఒక్కొక్కటీ చేత్తో దిద్దేదాన్ని. ఇంతలో ఇంటాయన వచ్చి తలుపు ఇటు కాదు అటు పెట్టమంటాడు. ప్లాన్‌లో మారుస్తాను, పక్కనున్న పెద్ద బొమ్మలో మార్చడం మర్చిపోతాను. ఒకే ఇంటికి ఒకే షీట్లో రెండు తలుపులు! ఎవరైనా ఇప్పటికీ ఇలాగే చేస్తుంటే సిగ్గుపడక్కర్లేదు, నేను ఏడేళ్ళు చేశాను.

లేఅవుట్ ట్యాబ్‌లో ఉండేది కాగితం. ఏ3 అయితే 420 బై 297 మిల్లీమీటర్లు, అసలు సైజు. ఆ కాగితానికి కోసిన కిటికీయే వ్యూపోర్ట్. కిటికీ అవతల ఇల్లు నిజమైన కొలతల్లో ఉంటుంది, ఒక్కటే ఉంటుంది. కిటికీలు ఎన్నయినా కోసుకోవచ్చు, ఒక్కో కిటికీలోంచి ఒక్కో దూరం నుంచి చూడొచ్చు. ఆటోక్యాడ్‌లో ఈ పేపర్ స్పేస్ పద్ధతి 1990లోనే, రిలీజ్ 11తో వచ్చింది. ఒకే ఫైల్లో చాలా లేఅవుట్ ట్యాబ్‌లు పెట్టుకునే వీలు ఆటోక్యాడ్ 2000తో వచ్చింది. నేను ఐటీఐలో చేరేనాటికే ఇవన్నీ ఉన్నాయన్నమాట. మాకు మాత్రం మోడల్‌లో గీసి అక్కడినుంచే ప్రింట్ ఇవ్వడమే నేర్పారు.

పని చేసే తీరు చెప్తాను. మోడల్‌లో ఇల్లంతా మిల్లీమీటర్లలో గీస్తాను. లేఅవుట్‌లో ఎంవ్యూ అని కొట్టి కిటికీ గీసి, లోపల డబుల్ క్లిక్ చేస్తే అంచు లావుగా మారుతుంది. అంటే ఇప్పుడు కిటికీ దాటి ఇంట్లోకి వచ్చామని. అక్కడ జూమ్ కొట్టి 1/100ఎక్స్‌పీ అని ఇస్తే, అంటే కాగితం మీద నూరో వంతు చూపించమంటే, స్కేలు సరిగ్గా కూర్చుంటుంది. మేస్త్రి గారి షీటుకి 1/48ఎక్స్‌పీ ఇస్తాను, కాగితం మీద పావు అంగుళానికి ఒక అడుగు. ముప్ఫై బై నలభై ఇల్లు ఏడున్నర అంగుళాలు బై పది అంగుళాలు వస్తుంది, ఏ3లో హాయిగా పడుతుంది, పక్కన కిటికీల పట్టికకి చోటు కూడా మిగులుతుంది. ఆయన టేపు ఇప్పుడు నిజమే చెప్తుంది. అయినా ప్రతి గోడకీ కొలత రాస్తున్నాను, అది వేరే సంగతి.

కొత్తవాళ్ళు అందరూ దెబ్బతినేది ఇక్కడే. స్కేలు పెట్టాక కిటికీ లోపలే ఉండి మౌస్ చక్రం ఒక్కసారి తిప్పారంటే స్కేలు పోయినట్టే. 1:100 కాస్తా 1:93 అవుతుంది. చూడ్డానికి తేడా ఏమీ కనిపించదు, ప్రింట్ అయ్యాక కూడా కనిపించదు, పునాది దగ్గర కనిపిస్తుంది. అందుకే స్కేలు పెట్టిన మరుక్షణం కింద స్టేటస్ బార్‌లో ఉన్న తాళం బొమ్మ నొక్కాలి. తాళం వేశాక చక్రం తిప్పితే కాగితం మొత్తం దగ్గరవుతుందే తప్ప కిటికీ లోపలి స్కేలు కదలదు. మా తమ్ముడి కూతురు నా దగ్గర పని నేర్చుకుంటోంది. దానికి చెప్పిన మొదటి పాఠం ఇదే: "గ్యాస్ కట్టేశావా, తాళం వేశావా?"

ఇక నేను ఈ సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టడానికి అసలు కారణం వీపీ ఫ్రీజ్. బొమ్మని ట్రేసింగ్ పేపర్ల లాంటి పొరలుగా గీస్తాం, అవే లేయర్లు. మామూలుగా లేయర్‌ని ఫ్రీజ్ చేస్తే అన్ని చోట్లా మాయమవుతుంది. లేయర్ల పట్టికలో వీపీ ఫ్రీజ్, అంటే వ్యూపోర్ట్ ఫ్రీజ్, గడి నొక్కితే మాత్రం ఆ ఒక్క కిటికీలోనే మాయమవుతుంది. కరెంటు ప్లాన్, నీళ్ళ పైపులు, ఫర్నిచర్ వేర్వేరు షీట్లుగా తీయడానికి అందరూ వాడేదే ఇది. మా సరిహద్దు ఊళ్ళకి ఇంకో ఉపయోగం ఉంది. గదుల పేర్లు నేను రెండు లేయర్లలో రాస్తాను. ఒకదాంట్లో వంటగది, పడకగది, అరుగు. ఇంకోదాంట్లో ఒడియా లిపిలో రొషెయి ఘర, శొయిబా ఘర. తెలుగుకి గౌతమి ఫాంట్, ఒడియాకి కళింగ, రెండూ విండోస్‌వే. ఆటోక్యాడ్ సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ అక్షరాలతో ఈ పని అవ్వదు. కొలతలు కూడా అంతే, ఆఫీసుకి మీటర్లు ఒక లేయర్, మేస్త్రికి అడుగులూ అంగుళాలూ ఒక లేయర్. కొలతలు ఎలా కనిపించాలో చెప్పేది డైమెన్షన్ స్టైల్. అడుగుల స్టైల్‌లో యూనిట్లు ఆర్కిటెక్చరల్ పెట్టి, స్కేల్ ఫ్యాక్టర్ 0.03937 ఇస్తే మిల్లీమీటర్లలో గీసిన గోడ అడుగుల్లో పలుకుతుంది. మీటర్ల స్టైల్‌కి 0.001. ఒక లేఅవుట్‌లో ఒడియా, మీటర్లు వెలుగుతాయి. పక్క లేఅవుట్‌లో తెలుగు, అడుగులు. కింద ఇల్లు మాత్రం ఒక్కటే. తలుపు జరిపితే రెండు షీట్లలోనూ జరుగుతుంది.

స్థలం విస్తీర్ణం దగ్గర మాత్రం ఇంత కష్టం లేదు. ఇటువాళ్ళు నాలుగు డిసిమిల్ అంటారు, అటువాళ్ళు నాలుగు సెంట్లు అంటారు, డిసిమిల్ అయినా సెంటు అయినా ఎకరంలో నూరో వంతే, ఒక్కోటీ 435.6 చదరపు అడుగులు. సరిహద్దు గీసినవాళ్ళు దీన్నొక్కదాన్ని వదిలేశారు.

మా పాత వీధుల్లో స్థలాలు ఒక్కటీ దిక్కులకి తిన్నగా ఉండవు. సర్వే నక్షా ప్రకారం గీస్తే ఇల్లు ఏటవాలుగా పడుతుంది. సైట్ ప్లాన్‌కి అదే సరి, ఉత్తరం పైకి ఉండాలి. ప్లాన్ షీట్లో మాత్రం గోడలు తిన్నగా కనిపించకపోతే ఇంటాయన "ఇల్లు వంకరగా కడుతున్నారా" అని కంగారుపడతాడు. గీసిన ఇంటిని తిప్పేయకూడదు, చూపునే తిప్పాలి. ప్లాన్ కిటికీలోకి వెళ్ళి, అడ్డం నిలువు దిక్కులు మార్చే యూసీఎస్ కమాండ్‌లో ఆబ్జెక్ట్ అని ముందుగోడ గీత చూపించి, తర్వాత ప్లాన్ కమాండ్ ఇచ్చి ఎంటర్ నొక్కితే ఆ కిటికీలో ఇల్లు తిన్నగా నిలబడుతుంది. పక్కన సైట్ ప్లాన్ కిటికీలో ఏటవాలు అలాగే ఉంటుంది. మళ్ళీ స్కేలు చూసుకుని, మళ్ళీ తాళం. ఇది మొదటిసారి పని చేసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి మా అమ్మని పిలిచి చూపించాను. ఆవిడ చూసి "బాగుంది, అన్నం పెట్టుకో" అంది.

మోడల్‌లో తెరని రెండు ముక్కలో నాలుగు ముక్కలో చేసుకునే వ్యూపోర్టులు వేరే. అవి కాగితానికి కాదు, మన కళ్ళకి. పొడుగాటి ప్రహరీ గీసేటప్పుడు ఈ చివర ఎడమ ముక్కలో, ఆ చివర కుడి ముక్కలో పెట్టుకుని, గీత ఇక్కడ మొదలుపెట్టి అక్కడ ముగించొచ్చు. వ్యూ కమాండ్‌తో చూపులకి పేర్లు పెట్టి దాచుకోవచ్చు. నేను "మెట్లు", "ముందువైపు" అని పెట్టుకుంటాను. ఈమధ్య వెర్షన్లలో అలా దాచుకున్న వ్యూని నేరుగా లేఅవుట్ మీద పెట్టేస్తే వ్యూపోర్ట్ తనే తయారవుతుంది. బాగుంది, కానీ నాకు ఎంవ్యూ అలవాటు.

విసుగు తెప్పించేవి లేకపోలేదు. తెగిన గీతలు ఒక కిటికీలో తెగి కనిపిస్తాయి, ఇంకో కిటికీలో నిండు గీతలా కనిపిస్తాయి. పీఎస్‌ఎల్‌టీస్కేల్ అనే సెట్టింగ్ 1 ఉందో లేదో చూసుకుని, అన్ని కిటికీలనీ మళ్ళీ గీయించే రీజెనాల్ కమాండ్ కొట్టాలి. అక్షరాల ఎత్తు ఇంకో తలనొప్పి. కాగితం మీద రెండున్నర మిల్లీమీటర్లు కావాలంటే మోడల్‌లో 1:100కి 250, 1:48కి 120 పెట్టాలి. దీనికి ఆటోక్యాడ్ 2008 వెర్షన్‌తో వచ్చిన అనోటేటివ్ పద్ధతి ఉంది, కిటికీ స్కేలుని బట్టి అక్షరాల సైజు అదే సర్దుకుంటుంది. నేర్చుకోవడానికి మాత్రం నాకు రెండు వర్షాకాలాలు పట్టింది, ఇప్పటికీ ఒక్కోసారి ఒకే గోడకి రెండు సైజుల కొలతలు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చుంటాయి. కిటికీ అంచులు ప్రింట్‌లో పడతాయి కాబట్టి వాటికి వేరే లేయర్ చేసి ప్లాట్, అంటే ప్రింట్, ఆపేయాలి. ఆటోక్యాడ్ తనే తయారు చేసుకునే డెఫ్‌పాయింట్స్ లేయర్‌లో పడేసేవాళ్ళు ఉన్నారు, ప్రింట్ అవ్వదన్నది నిజమే, కానీ నాకు నచ్చదు. ఒక్కో లేఅవుట్‌లో ఒకేసారి వెలిగే కిటికీలు మామూలుగా 64 దాకా ఉండొచ్చట. నా లాప్‌టాప్‌కి పది దాటితేనే ఆయాసం.

ఇంత జాగ్రత్తగా చేసి పీడీఎఫ్ తీసి పంపితే, ప్రింటు దుకాణంలో "ఫిట్" అని ఉన్న గడి వదిలేసి తీసేస్తారు. కాగితం అంచులు పోకుండా బొమ్మని నాలుగైదు శాతం కుదించేస్తుంది. నా తాళాలన్నీ గంగలో. దుకాణం పేరు చెప్పను, ఆ అబ్బాయి మంచివాడే, చెప్తే వింటాడు, మర్నాడు మర్చిపోతాడు. అందుకని ప్రతి లేఅవుట్ అడుగున, కిటికీలో కాదు, కాగితం మీదే, సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి పెడుతున్నాను. ప్రింట్ చేతికి రాగానే స్కేలు పెట్టి కొలుస్తాను. 100 రాకపోతే డబ్బులివ్వను.

కొనాలా అంటే, బొమ్మలు ఫ్లాట్‌గానే గీసేవాళ్ళకి ఎల్‌టీ చాలు. త్రీడీ మోడళ్ళు చేయదు, మనకి అక్కర్లేదు కూడా. వ్యూపోర్టులు, తాళం, వీపీ ఫ్రీజ్, నేను పైన చెప్పినవన్నీ ఎల్‌టీలో ఉన్నాయి. శాశ్వత లైసెన్సు ఇప్పుడు అమ్మరు, చందా కట్టాలి. నెలకి ఒకటో రెండో ప్లాన్లు గీసేవాళ్ళకి అది బరువే. చదువుకునే పిల్లలకి ఆటోడెస్క్ విద్యార్థి లైసెన్సు ఉచితంగా ఇస్తుంది, దాంతో నేర్చుకోండి, బేరాలకి వాడకండి. చౌకవి వేరే ఉన్నాయి. కొనే ముందు ఒక్క ప్రశ్న అడగండి: వీపీ ఫ్రీజ్ ఉందా, తాళం ఉందా? లేకపోతే మళ్ళీ నా ఏడేళ్ళ కాపీల పని మీకు వస్తుంది. నేనైతే ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి అనోటేటివ్‌కి కోశాను.

పాతపట్నం ఇంటికి ఇప్పుడు మెట్ల షీటు వెళ్ళాలి. మేస్త్రి గారు అర అంగుళానికి అడుగు అడిగారు. 1/24ఎక్స్‌పీ. "ఈసారి నా టేపు మాట వింటాది కదమ్మా?" అన్నారు. కింద వంద మిల్లీమీటర్ల గీత ఉంది, ముందు దాన్ని కొలవండి అన్నాను. "మిల్లీమీటర్లంటే ఎన్ని అంగుళాలు?" అన్నారు. పక్కన నాలుగు అంగుళాల గీత కూడా గీశాను.