నడుముకి .32 రివాల్వర్: పదేళ్ల వాడకం తర్వాత

నెల్లూరు ఆచారి వీధి నుంచి కావలి, గూడూరు, నాయుడుపేట దుకాణాలకు నగలు చేరవేసే వ్యాపారం మాది. 2015లో లైసెన్సు వచ్చాక కాన్పూర్‌లో తయారయ్యే .32 (తూటా సైజు, అంగుళాల్లో) రివాల్వర్ కొన్నాను. లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకే. తడ దాటి చెన్నై పోయే రోజు అది ఇంట్లో బీరువాలోనే ఉంటుంది.

మన దగ్గర తూటా సైజు మీద వాదించుకునే పనే లేదు. 9 ఎంఎం, .38 లాంటివి ప్రొహిబిటెడ్ బోరు, అంటే మామూలు లైసెన్సు మీద ఇవ్వని సైజులు. మనబోటి వాళ్లకు ఎక్కువగా మిగిలేది .32, లేదంటే .22. తేల్చుకోవాల్సిందల్లా పొడవు, మందం, బరువు.

నాది ఆరు తూటాలది. గొట్టం మూడంగుళాలు, మొత్తం పొడవు ఏడంగుళాలు, బరువు 700 గ్రాముల దాకా. కొనేటప్పుడు గొట్టం పొట్టిగా ఉందా లేదా అనే చూశాను. అక్కడే పొరపాటు పడ్డాను. గొట్టం ప్యాంటులోకి దిగిపోతుంది, ఎవరికంటా పడదు. పట్టిచ్చేది పిడి. బండి మీద కాస్త ముందుకు వంగితే చాలు, చొక్కా వెనక గూడులా లేస్తుంది. ఒక పెళ్లిలో మా బామ్మర్ది నలుగురి మధ్య "ఏంది బావా, నడుం దగ్గర గడ్డ లేసిందా?" అన్నాడు. తెలిసే అన్నాడు, వెధవ. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం పదిమందిలోకి పోయేటప్పుడు పిస్టలైనా రివాల్వరైనా తొడుగులో పూర్తిగా కప్పి ఉండాలి. కాబట్టి ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు. కుడి తుంటి మీద, కొంచెం వెనక్కి పెట్టుకోవడం మొదలుపెట్టాక పిడి కనపడటం తగ్గింది. కారులో కూర్చుంటే మాత్రం తూటాల చక్రం పక్కటెముక కిందే గుచ్చుతుంది.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. రోహిణి కార్తెలో మొదటి తోలు తొడుగు చెమటకి తడిసి, ఆరి, అట్టలాగా బిగుసుకుపోయింది. ఇనుము మీద ఎర్రటి చుక్కలు లేచాయి. అప్పటినుంచి రాత్రి ఇంటికి రాగానే తూటాలు తీసేసి, నూనె గుడ్డతో తుడిచాకే అన్నం.

మా బామ్మర్దిది 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్, 500 గ్రాములు. రెండు వందల గ్రాములు ఒక లెక్కా అనుకున్నాను. ఒక వారం పెట్టుకుని తిరిగి, పొద్దుగూకేసరికి నీ నడుం ఎట్లా ఉందో చెప్పరా అంటే వాడు నన్ను చూసి నవ్వాడు. షూటింగ్ రేంజిలో రెండూ పక్కపక్కన కాల్చి చూసినప్పుడు నవ్వడం నా వంతైంది. తేలికది చేతిలో ఎగురుతుంది, రెండో గుండు గురి కుదరడానికి టైం పడుతుంది. పావుకిలో ఉండే .22 నిడర్ రివాల్వర్ కూడా పట్టుకుని చూశాను. జేబులో పెట్టుకుంటే ఉన్నట్టే తెలీదు గానీ, నా చిటికెన వేలికి దాని పిడి మీద చోటే లేదు. అశని పిస్టల్ పలచగా నడుముకి అంటుకుని బాగుంటుంది. కానీ చేయి రివాల్వర్‌కి అలవాటు పడింది, మార్చబుద్ధి కాలేదు.

2023 ఆగస్టులో ప్రబల్ అనే కొత్త రివాల్వర్ వచ్చినప్పుడు ఆశ పుట్టింది. తూటాల చక్రం పక్కకి తెరుచుకుంటుంది, తూటాలు నింపడానికి నాదాని లాగా తుపాకీని నడిమికి మడవక్కర్లేదు. అయితే పొడవు, గొట్టం ఇంచుమించు అవే. దాచుకోవడంలో ఒరిగేదేమీ లేదని ఊరుకున్నాను.

2024 మార్చిలో ఎన్నికల కోడ్ రాగానే అందరిలాగే రివాల్వర్‌ని పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేశాను. మళ్లీ తెచ్చుకునేదాకా కుడివైపు నొప్పి లేదు. వట్టి నడుంతో నడుస్తుంటే ఏదో మర్చిపోయి వచ్చినట్టు ఒకటే టెన్షన్.

ఇప్పుడు ట్రంకు రోడ్డు టైలర్‌కి చొక్కాలన్నీ రెండంగుళాలు పొడుగు, కొంచెం వదులు అని చెప్పేశాను. "పొట్ట పెరిగిందా సార్" అంటాడు. అవునంటాను.