ఏ1 అంటే 91 కాదు: సీబీఎస్‌ఈ పదో తరగతి గ్రేడ్లపై సమీక్ష

సీబీఎస్‌ఈ పదో తరగతి మార్కుల షీటులో ఒక సబ్జెక్టుకి 93 మార్కులు, పక్కన ఏ2 ఉండొచ్చు. దాని కింది వరుసలోనే 88 మార్కులు, పక్కన ఏ1 ఉండొచ్చు. చూడగానే అచ్చుతప్పు అనిపిస్తుంది గానీ కాదు. ఆ చివరి గడి పేరే పొజిషనల్ గ్రేడ్. వచ్చిన మార్కులకి కాకుండా, దేశం మొత్తమ్మీద ఆ సబ్జెక్టులో పాసైనవాళ్ల వరుసలో పిల్లవాడు ఎక్కడ నిలబడ్డాడో దాన్ని బట్టి ఇచ్చే అక్షరం అది.

ఈ తికమక తొమ్మిదో తరగతిలో మొదలవుతుంది. సీబీఎస్‌ఈ స్కూళ్లు ఇచ్చే తొమ్మిదో తరగతి రిపోర్టు కార్డులో గ్రేడు మార్కుల్ని బట్టే ఉంటుంది: 91 నుంచి 100 వరకు ఏ1, 81 నుంచి 90 వరకు ఏ2, ఇలా పదేసి మెట్లు దిగుతూ 33–40కి డి, 32 అంతకన్నా తక్కువైతే ఇ. ఏడాది తిరిగి బోర్డు షీటు చేతికొచ్చేసరికి అవే అక్షరాలు ఇంకో లెక్కలో కనిపిస్తాయి. అక్కడ డి ఒక్కటే ఉండేది, ఇక్కడ డి1, డి2 రెండున్నాయి. షీటు మీద తేడా తెలిసే ఆనవాలు దాదాపు అదొక్కటే. రెండు పద్ధతులకి ఒకే అక్షరాలు వాడటం ఈ ఏర్పాటులోకెల్లా పెద్ద లోపం. వేరే అక్షరాలు పెట్టి ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

లెక్క ఇలా వేస్తారు. ఫెయిలైనవాళ్లని ముందే పక్కన పెడతారు, వాళ్లకి ఇ. పాసైనవాళ్లని సబ్జెక్టువారీగా మార్కుల వరుసలో పేర్చి ఎనిమిది సమాన భాగాలు చేస్తారు. పైనున్న ఎనిమిదో వంతుకి ఏ1, తర్వాతి ఎనిమిదో వంతుకి ఏ2, ఆపైన బి1, బి2, సి1, సి2, డి1, డి2. చిక్కల్లా రెండు భాగాల మధ్య గీత పడే చోట ఉంటుంది, ఎందుకంటే ఒకే మార్కు వచ్చినవాళ్లందరికీ ఒకే గ్రేడు ఇవ్వాలి.

ఒక ఊహాలెక్క చూడండి. ఒక సబ్జెక్టులో 8,000 మంది పాసయ్యారు, అంటే భాగానికి 1,000 మంది. 93, అంతకన్నా ఎక్కువ వచ్చినవాళ్లు 960 మంది. సరిగ్గా 92 వచ్చినవాళ్లు 120 మంది. గీత ఈ 120 మంది మధ్యలో పడింది: 40 మంది పైన, 80 మంది కింద. చిన్న ముక్క పెద్ద ముక్కతో వెళ్లాలన్నది నియమం. కాబట్టి 120 మందీ ఏ2కి వెళ్తారు, ఏ1లో 960 మందే మిగులుతారు. 93కి పైన 920 మందే ఉంటే 80 మంది గీతకి పైనా, 40 మంది కిందా పడేవారు, అప్పుడు అదే 92కి ఏ1 వచ్చేది. అంటే పిల్లవాడి పేపరు మారలేదు, మార్కు మారలేదు, పైనున్నవాళ్ల సంఖ్య మాత్రమే మారింది.

దీన్నిబట్టి రెండు సంగతులు. పేపరు తేలిగ్గా వచ్చి మార్కులు పైన గుమిగూడితే 95 కూడా ఏ2లో పడొచ్చు. పేపరు కష్టంగా వస్తే 80ల్లో ఉన్నవాళ్లకీ ఏ1 దొరుకుతుంది. ఇక డి2 చూసి గుండె జారనక్కర్లేదు. అది పాసైనవాళ్లలో కింది ఎనిమిదో వంతు, అంతే. అందరికీ మార్కులు బాగా పడే సబ్జెక్టులో 50 దాటిన పిల్లలకీ డి2 రావచ్చు. ఏ గ్రేడు ఎన్ని మార్కుల దగ్గర ఆగిందో షీటు మీద వేయరు. ఆ ఒక్క అంకె ఉంటే ఈ గడికి కాస్త విలువుండేది.

ఈ ఎనిమిది భాగాల లెక్క 500 మందికి మించి పాసైన సబ్జెక్టులకే. అంతకన్నా తక్కువుంటే, అలాంటి వేరే సబ్జెక్టుల్లో గ్రేడ్లు పడ్డ తీరు చూసి ఇస్తారు.

గ్రేడు కన్నా మార్కుల గడులు చాలా నయం. 80 మార్కుల బోర్డు పరీక్ష, 20 ఇంటర్నల్స్ (స్కూలే వేసే మార్కులు), ఈ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. ఆ 20లో ఐదేసి మార్కులు నాలుగు పనులకి: పీరియాడిక్ టెస్టులు, రకరకాల పద్ధతుల్లో చేసే మల్టిపుల్ అసెస్‌మెంట్, పోర్ట్‌ఫోలియో (ఏడాదిలో చేసిన పనుల కూర్పు), సబ్జెక్ట్ ఎన్‌రిచ్‌మెంట్. పీరియాడిక్ టెస్టులు మూడు పెడితే మెరుగైన రెండింటి సగటు తీసుకుంటారు. ఎన్‌రిచ్‌మెంట్ అంటే సైన్సులో ప్రాక్టికల్స్, భాషల్లో వినడం, మాట్లాడటం, సోషల్‌లో మ్యాపులు, ప్రాజెక్టు. 80కి 52, ఇంటర్నల్స్ 20కి 20 అని ఉంటే ఏం చదవాలో వేరే చెప్పక్కర్లేదు. మొత్తం 72 దగ్గర ఆగకుండా ఆ 52ని చూడండి. పాస్‌కి రెండూ కలిపి 33 శాతం చాలు.

పర్సెంటేజీ దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. నిరంతర సమగ్ర మూల్యాంకనం నడిచిన రోజుల్లో సీజీపీఏని (సబ్జెక్టుల గ్రేడు పాయింట్ల సగటుని) 9.5తో గుణించి శాతం చెప్పేవారు. 2018 నుంచి బోర్డు పరీక్ష మళ్లీ అందరికీ తప్పనిసరి అయ్యాక ఆ గుణకారానికి పనిలేదు, షీటులో సీజీపీఏ లేదు. అయినా ఏ1కి 10, ఏ2కి 9 అని వేసుకుని 9.5తో గుణించేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. స్థానాన్ని చెప్పే అక్షరాన్ని శాతంగా మారిస్తే వచ్చేది ఉత్త తప్పు లెక్క. బోర్డు మొత్తం శాతం, డివిజన్, డిస్టింక్షన్ ఏవీ ఇవ్వదు. ఐదు కన్నా ఎక్కువ సబ్జెక్టులు రాసుంటే ఏ ఐదు లెక్కలోకి తీసుకోవాలన్నది చేర్చుకునే కాలేజీ ఇష్టం. అందుకే దరఖాస్తు నింపేముందు వాళ్ల నిబంధన చదవండి.

2026 నుంచి పరీక్ష రెండు విడతలు. ఫిబ్రవరిది తప్పనిసరి, మేలోది ఇష్టమైతేనే. పాసైనవాళ్లు సైన్సు, లెక్కలు, సోషల్, భాషల్లో గరిష్ఠంగా మూడింటిని మెరుగుపరుచుకోవచ్చు. రెండింటిలో మెరుగైన మార్కే నిలుస్తుంది. ఇంటర్నల్స్ మాత్రం ఏడాదికి ఒక్కసారే, కాబట్టి మేలో మారేది 80 భాగం ఒక్కటే. మొదటి విడతలో మూడు లేదా అంతకన్నా ఎక్కువ పేపర్లు ఎగ్గొడితే రెండోదానికి కూర్చోనివ్వరు. ఫిబ్రవరిని ట్రయల్‌గా వాడుకుందామనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఈ షీటుకి రేటింగు వేయాలంటే మార్కుల వివరాలకి ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు, పొజిషనల్ గ్రేడుకి రెండు చాలు. ఆ రెండు కూడా కష్టమైన పేపరు వచ్చిన ఏడాది పిల్లవాడి స్థానం కాస్త నిజంగా చూపిస్తుంది కాబట్టి. కేవలం ఏ2ని ఏ1 చేసుకోవాలని రీవాల్యుయేషన్‌కి వెళ్లడం దండగ, గీత ఎక్కడుందో తెలియనప్పుడు ఒక మార్కు చాలుతుందో నాలుగు కావాలో ఎలా తెలుస్తుంది? పేపరు దిద్దడంలో నిజంగా అనుమానముంటే ముందు జవాబుపత్రం ఫొటోకాపీకి దరఖాస్తు పెట్టండి. కూడిక తప్పిందా, ఏదైనా జవాబు దిద్దకుండా వదిలేశారా చూసి, ఆ తర్వాతే వెరిఫికేషనో రీవాల్యుయేషనో ఎంచుకోండి. ఒక్క మార్కు తగ్గినా ఆ తగ్గిందే ఖాయమవుతుంది.