చెల్క దుబ్బకు ఆగని పాలీ బుష్‌లు

రెండు వానాకాలాలు, 31 వేల కిలోమీటర్లు. కారు ముందు చక్రాలను బండికి కలిపి పట్టే లోయర్ ఆర్మ్‌ల కీళ్లలో, అదురు తట్టుకునే రబ్బరు బుష్‌లకు బదులు వేసిన పాలీయురేథేన్ (పాలీ) బుష్‌ల మీద నా ఫిర్యాదు ఒక్కటే: కిర్రు కిర్రుమనే సప్పుడు. బుష్ పగల్లేదు, ఆకారం చెడలేదు. అయినా దేవరకొండ వైపు మొరం తొవ్వల్లో తిరిగే బండికి వీటిని మళ్లీ వేయను.

వేసుకోవడం మాత్రం సులువే. రెండు ముక్కలుగా వస్తాయి. గ్రీజు రాసి చేత్తో నొక్కితే ఆర్మ్‌లో కూర్చుంటాయి, మధ్యలో స్టీలు గొట్టం దూర్చాలి, అంతే. కష్టమంతా పాతవి తీయడంలో. రబ్బరును డ్రిల్లుతో తొలిచేసి, మిగిలిన ఇనుప చుట్టును హాక్సా బ్లేడుతో ఒకచోట పొడవునా కోసి, ఉలితో లోపలికి వంచితే ఊడొస్తుంది. కోత ఆర్మ్‌లోకి దిగొద్దు, దిగితే పగులు అక్కడే మొదలవుతుంది. రబ్బరును కాల్చి తీసే పద్ధతి వద్దే వద్దు. పొగ చెడ్డది, ఆర్మ్ కొసన ఉండే బాల్ జాయింట్ రబ్బరు తొడుగూ పాడవుతుంది.

స్టీరింగ్ బిగువు చూసి మొదట్లో అడిగినవాళ్లందరికీ ఇవే చెప్పాను. ఆ మెప్పును ఇప్పుడు కొంత తగ్గించుకోవాలి. పాత బుష్‌లు చిరిగి, బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగేది. ఆ స్థితిలో కొత్త రబ్బరు వేసినా ఆ తేడాలో చాలావరకు వచ్చేదే.

సప్పుడు 9 వేల దగ్గర, వానలు పోయి తొవ్వలు ఎండాక మొదలైంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా, దిగినప్పుడల్లా. ఏ బుష్ అరుస్తున్నదో పట్టడానికి ఒకరు బండి ముందుభాగాన్ని కిందికి నొక్కి వదులుతుంటే, ఇంకొకరు పక్క నుంచి చెయ్యి పెట్టి ఒక్కో ఆర్మ్ బోల్టు తలను తాకి చూడాలి. అరిచే బుష్ దగ్గర వేలికి సన్నని వణుకు తెలుస్తుంది. విప్పి చూస్తే గొట్టం మీది సిలికాన్ గ్రీజు ఎర్రటి ముద్ద. వేళ్ల మధ్య రుద్దితే గరగర. గొట్టం చుట్టూ వెంట్రుకంత గీతలు.

కారణం బుష్ తయారీలోనే ఉంది. రబ్బరు బుష్‌లో లోపలి గొట్టానికి రబ్బరు అతుక్కొని ఉంటుంది. ఆర్మ్ కదిలితే రబ్బరు మెలి తిరుగుతుందే గాని ఏదీ జారదు, రాపిడి ఉండదు. పాలీ బుష్ గొట్టం మీద జారుతూ తిరుగుతుంది. మధ్యలో గ్రీజు ఉన్నన్నాళ్లే మౌనం. చెల్క దుబ్బ, అంటే ఎర్రనేల దుమ్ము, సన్నగా ఉండి, వాననీళ్లతో అంచుల నుంచి లోపలికి పోతుంది.

సబ్బునీళ్లతో కడిగి, కొత్త గ్రీజు పెట్టి బిగిస్తే 6 వేలకే మళ్లీ సప్పుడు. ప్రతిసారీ రెండు ఆర్మ్‌లు దించాలంటే సగం రోజు పని. బయటి నుంచి స్ప్రే కొడితే లోపలికి చేరదు, పెట్రోలియం నూనె పక్కనున్న రబ్బరును ఉబ్బిస్తుంది కూడా.

ఇప్పుడు కంపెనీ రబ్బరు బుష్‌లు వేశాను. ప్రెస్ లేకున్నా మందపాటి మరల రాడ్డు, రెండు గట్టి వాషర్లు, సరిపడే సైజు పైపు ముక్కతో కూర్చుంటాయి. జారడానికి సబ్బునీళ్లే, నూనె వద్దు. పాత రబ్బరు బుష్‌లోని ఖాళీలు ఎటు తిరిగి ఉన్నాయో తీయకముందే ఆర్మ్ మీద గీత గీసుకోవాలి, కొత్తదీ అట్లే కూర్చోవాలి.

అన్నింటికన్నా ముఖ్యం: ఆర్మ్ బోల్టుల ఆఖరి బిగింపు చక్రాల మీద బండి బరువు పడ్డాకే. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి అట్లే ఉండిపోతుంది, తొందరగా చిరుగుతుంది. కొత్త బుష్ నాలుగు నెలలకే పోయిందనే చాలామంది దగ్గర జరిగేది ఇదే. పాలీకి ఈ బాధ లేదు, ఆ సుఖం ఒప్పుకుంటాను. ఏది వేసినా జాక్ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాలి. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.

నార్కట్‌పల్లి మీదుగా తారు రోడ్డునే హైదరాబాద్ పోయొచ్చే బండికి పాలీ మస్తు కాలం మౌనంగా ఉండొచ్చు. నాది పొలాల దాకా పోయే బండి. మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ బార్‌కు మాత్రం పాలీవే ఉంచాను. నా బండిలో రెండు బోల్టుల క్లాంపు విప్పితే గ్రీజు పెట్టొచ్చు, ఆర్మ్ దించే పని లేదు.