ఫోర్డ్ కట్టించిన రబ్బరు ఊళ్లు: ఫోర్డ్‌లాండియా వెళ్లాలా, బెల్టెర్రాతో సరిపెట్టుకోవాలా?

మిషిగన్‌లో ఉండే తెలుగువాళ్లకు డియర్‌బోర్న్ కొత్తేమీ కాదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే హెన్రీ ఫోర్డ్ మ్యూజియం, పక్కనే ఉన్న గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ తిప్పి చూపించడం ఇక్కడ ఆనవాయితీ. ఆ ఫోర్డే అమెజాన్ అడవిలో, తన టైర్ల రబ్బరు కోసం, మిషిగన్ ఊళ్ల నమూనాలో రెండు ఊళ్లు కట్టించాడని మావాళ్లలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా ఫోర్డ్‌లాండియా గురించి "దెయ్యాల ఊరు" అనే విని ఉంటారు. అందులో నిజం లేదు. రెండు మూడు వేల మంది కాపురం ఉంటున్న ఊరది. శిథిలాల ఫోటోల కోసమే వెళ్తే సగం చూసి వచ్చినట్టే.

రెండు ఊళ్లూ బ్రెజిల్‌లోని పారా రాష్ట్రంలో, తపజోస్ నది ఒడ్డున ఉన్నాయి. వీటికి గుమ్మం సాంతారెం నగరం. బెలేం, మనౌస్, బ్రసీలియా నుంచి విమానాలున్నాయి. నగరం గురించి ఎక్కువ చెప్పను. హోటళ్లు వ్యాపారం పని మీద వచ్చేవాళ్లకు సరిపోయే రకం: శుభ్రంగా ఉంటాయి, ఏసీ పనిచేస్తుంది, అంతకుమించి ఏమీ ఉండదు. నది ఒడ్డున నిలబడితే పచ్చటి తపజోస్ నీళ్లు, మట్టి రంగు అమెజాన్ నీళ్లు చాలా దూరం కలవకుండా పక్కపక్కనే పారడం కనిపిస్తుంది. అది చూసి, బజారులో మంచి గుడ్డ ఊయల ఒకటి కొనుక్కుంటే ఇక్కడ పని అయిపోయినట్టే. ఊయల ఎందుకంటే, ముందుంది లాంచీ ప్రయాణం.

ఫోర్డ్‌లాండియాకు మట్టిరోడ్డు కూడా ఉంది. వానాకాలంలో దాన్ని నమ్ముకోవడం అంత మంచిది కాదు. నది మీద ఇతైతూబా వైపు వెళ్లే పడవలు దారిలో ఇక్కడ ఆగుతాయి. వీటిలో రెండు రకాలు. ఒకటి మూసి ఉన్న స్పీడు బోటు: త్వరగా చేరుస్తుంది కానీ అద్దాల వెనక ఏసీ చలికి వణుకుతూ కూర్చోవాలి, నది సరిగా కనపడదు. రెండోది చెక్క లాంచీ: పై అంతస్తులో కడ్డీలకు ఎవరి ఊయల వాళ్లు కట్టుకుని పడుకోవాలి. రాత్రంతా పట్టినా నా ఓటు దీనికే. అయితే త్వరగా ఎక్కి మధ్యలో చోటు పట్టుకోండి. చివరన కట్టుకుంటే ఒకవైపు ఇంజను, మరోవైపు మరుగుదొడ్డి. పక్క ఊయలలో ఉన్నవాళ్ల మోచెయ్యి మీకు తగులుతుంది, మీది వాళ్లకు తగులుతుంది. ఎవరూ పట్టించుకోరు. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లను తీసుకెళ్తే మాత్రం స్పీడు బోటే మేలు.

ఏ నెలలో వెళ్లాలన్న ప్రశ్నకు జవాబు ఈ ఊరి చరిత్రలోనే ఉంది. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా నది తగ్గి, ఇసుక తిన్నెలు బయటపడి, తిరగడానికి హాయిగా ఉంటుంది. కానీ ఫోర్డ్‌కు అదే శాపమైంది. 1928లో ఊరు కట్టే సామాను వేసుకుని అమెరికా నుంచి లేక్ ఓర్మాక్, లేక్ ఫార్జ్ అనే రెండు ఓడలు బయల్దేరాయి. అవి వచ్చేసరికి తపజోస్‌లో నీళ్లు లేవు. పెద్ద ఓడలు ఎండాకాలంలో ఇంత ఎగువకు రాలేవని స్థలం ఎంచుకునేటప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ స్థలం కొన్న తీరు కూడా అలాగే ఉంది. విల్లారెస్ అనే మధ్యవర్తి చేతిలో ఉన్న హక్కుల కోసం ఫోర్డ్ మనుషులు 1,25,000 డాలర్లు పోశారు. రాష్ట్ర ప్రభుత్వాన్ని నేరుగా అడిగి ఉంటే ఆ భూమి దాదాపు ఉచితంగా వచ్చేది. పోయి పోయి రాళ్లు, గుట్టలు ఉన్న చోటు దొరికింది. ఫోర్డ్ అయితే ఒక్కసారి కూడా ఇక్కడికి రాలేదు.

రేవులో దిగగానే ఎత్తయిన నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. ఒకప్పుడు దాని మీద ఫోర్డ్ పేరు ఉండేది, ఇప్పుడు చెరిగిపోయింది. దాని దగ్గరే రంపపు మిల్లు, మెషిన్ షాపు. గోడలంతా అద్దాల కిటికీలే. వాటిలో పగిలినవే ఎక్కువ. లోపలికి వెళ్లాలంటే ఊళ్లో ఎవరినైనా తోడు తీసుకెళ్లడం మంచిది. నా వెంట వచ్చినాయన తాళం ఉన్న మనిషిని వెతికి పట్టుకొచ్చాడు, అడిగిన డబ్బు కూడా న్యాయంగానే ఉంది. లోపల లేత్ మెషిన్లు తుప్పు పట్టి నిలబడ్డాయి. ఒకదాని పిడి నున్నగా అరిగి ఉంది, నాలుగు వేళ్లు పట్టే చోట మాత్రమే. పాతికేళ్లుగా కార్ల విడిభాగాల షాపు ఫ్లోర్ల మీద తిరుగుతున్నవాణ్ణి కాబట్టేమో, ట్యాంకు కంటే, ఆసుపత్రి శిథిలాల కంటే ఆ పిడి దగ్గరే ఎక్కువసేపు నిలబడిపోయాను.

ఆసుపత్రిని డిజైన్ చేసింది ఆల్బర్ట్ కాన్, డెట్రాయిట్ ఫ్యాక్టరీలకు రూపం ఇచ్చిన ఆర్కిటెక్టే. ఒకప్పుడు ఈ ప్రాంతంలో దీన్ని మించిన వైద్యం లేదు. ఇప్పుడు పైకప్పుతో సహా ఎత్తుకెళ్లగా మిగిలినవి గోడలే. పాములుండొచ్చు, బూట్లు లేకుండా లోపలికి వెళ్లొద్దు.

గుట్ట మీద ఉన్నది అమెరికన్ వాడ, అంటే పైఅధికారుల ఇళ్లు. దారికి ఇటూ అటూ మామిడి చెట్లు. మిషిగన్‌లో మనం రోజూ చూసే చెక్క ఇళ్లు, వరండాతో సహా, ఇక్కడ అడవిని ఆనుకుని వరసగా నిలబడి ఉంటాయి. కొన్నిట్లో జనం ఉంటున్నారు, కొన్ని కూలిపోతున్నాయి. ఉన్నవాళ్లు ఉన్నారు కాబట్టి ఫోన్ పట్టుకుని కిటికీల్లోకి తొంగిచూడకండి. కూలీల ఇళ్లు వేరే వైపు. వాటికి వేసిన పైకప్పులు వేడిని బయటకు పోనివ్వని రకం. ఈ దేశంలో తాటాకు లాంటి ఆకుల కప్పు కింద హాయిగా బతికినవాళ్లను తెచ్చి ఆ కొలిమిలో పెట్టారు.

పెట్టింది ఇల్లొక్కటే కాదు. ఊళ్లో మద్యం బంద్. తినడానికి ఓట్స్, దంపుడు బియ్యం, డబ్బాల్లో వచ్చిన మిషిగన్ పండ్లు. ఇక్కడివాళ్లు తెల్లారగట్ల పని మొదలుపెట్టి, ఎండ ముదిరితే ఆగి, మళ్లీ సాయంత్రం చేసేవాళ్లు. ఫోర్డ్ మనుషులు మాత్రం కూత వేసి, టైమ్ కార్డు పంచ్ చేయించారు. జీతం చుట్టుపక్కల ఎవరూ ఇవ్వనంత ఎక్కువ, ఆ మాట ఒప్పుకోవాలి. మందు మాటకొస్తే, కంపెనీ హద్దు దాటి నదిలో ఉన్న ఒక దీవి మీద సారా దుకాణాలు, వేశ్యాగృహాలు వెలిశాయి. దాన్ని అమాయకుల దీవి అని పిలిచేవాళ్లు!

1930 డిసెంబర్‌లో భోజనశాల దగ్గర పేలింది. అప్పటిదాకా కూర్చున్నవాళ్లకు వడ్డించేవారు. ఇకనుంచి పళ్లెం పట్టుకుని లైన్లో నిలబడి ఎవరికి వాళ్లు తెచ్చుకోవాలన్నారు. ఒక తాపీమేస్త్రీ ఎదురు మాట్లాడాడు, మాట మాట పెరిగింది. భోజనశాల ధ్వంసమైంది, టైమ్ క్లాకులు పగలగొట్టారు, లారీలను నదిలోకి తోశారు. అమెరికన్లు పడవలెక్కి పారిపోయారు. బ్రెజిల్ సైన్యం వచ్చాకగానీ ఊరు చల్లబడలేదు. అన్నం లైను దగ్గర ఇంత గొడవేంటని మనకు అనిపించొచ్చు. ఏడాదిపైగా కక్కలేక మింగలేక ఉన్నదంతా ఆ రోజు బయటపడింది, అంతే.

ఇక్కడ బస గురించి పెద్దగా ఆశలు పెట్టుకోకండి. చిన్న పౌజాదాలు, అంటే ఇంటివాళ్లే నడిపే బసలు, ఒకటో రెండో ఉంటాయి. మంచం, ఫ్యాను, చన్నీళ్ల స్నానం. నేను ఉన్న చోట దుప్పటి ఉతికి ఉంది, దోమతెర చిరిగి ఉంది. ఆ ఇంటావిడ అడగకుండానే సూదీదారం తెచ్చి కుట్టేసింది. భోజనం ముందే చెప్పాలి, లేకపోతే పొయ్యి వెలిగించరు. చేపలు తినేవాళ్లకు తంబకీ వేపుడుతో పండగే. శాకాహారులకు కష్టం: అన్నం, చిక్కుడు గింజల పులుసు, ఫరీన్యా అనే కర్రపెండలం రవ్వ. ఆ గింజల్లో మాంసం ముక్కలు వేసి ఉడికించడం ఇక్కడ మామూలే, ముందే కనుక్కోండి. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం తయారయ్యే కర్రపెండలానికి పుట్టిల్లు ఈ ఖండమే కాబట్టి, నాకు ఆ రవ్వ కొత్తగా అనిపించలేదు. ఆవకాయ కలుపుకుంటే ఇంకా బాగుంది.

ఫోర్డ్ రబ్బరు తోట ఎందుకు పోయిందో ఫోర్డ్‌లాండియాలో కళ్లతో చూడలేం, ఆ చెట్లు మిగల్లేదు. దానికి తపజోస్ జాతీయ అడవికి వెళ్లాలి. అక్కడి జమరాక్వా గ్రామం వాళ్లు ఇప్పటికీ రబ్బరు పాలు గీస్తారు, దానితో దండలు, చెవిపోగులు చేసి అమ్ముతారు. ఊరివాళ్లలో ఒకరిని గైడుగా పెట్టుకోవాలి. ఆ డబ్బు నేరుగా ఊరికి చేరుతుంది, వృథా కాదు. గైడు వంకర కత్తితో బెరడు మీద ఏటవాలుగా ఒక్క గీత గీశాడు. క్షణం ఏమీ లేదు. తర్వాత తెల్లటి చుక్కలు పుట్టి, ఒకదాన్నొకటి పట్టుకుని గీత వెంబడి జారి చిప్పలో పడ్డాయి. వేళ్ల మధ్య నలిపితే బంకలా సాగింది. రెండో చెట్టు ఏదని అడిగితే చాలాసేపు నడిపించాడు. మొత్తం కథ ఆ నడకలోనే ఉంది. ఈ అడవిలో రబ్బరు చెట్లు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. ఆకుతెగులు బూజు ఇక్కడే పుట్టింది. కానీ చెట్టు నుంచి చెట్టుకు సులువుగా దూకలేదు. ఫోర్డ్ మనుషులు వాటినే వరసల్లో ఒత్తుగా నాటారు. కొమ్మలు కలిసేసరికి బూజుకు రోడ్డు వేసినట్టయింది.

మరి ఆసియాలో ఒత్తుగా నాటితే ఎలా బతికాయి? 1876లో హెన్రీ విక్‌హామ్ ఈ తపజోస్ ఒడ్డు నుంచే సుమారు 70,000 గింజలను లండన్‌లోని క్యూ తోటకు తీసుకెళ్లాడు. అక్కడ మొలిచిన మొక్కలు సిలోన్, మలయా చేరాయి. గింజలు వెళ్లాయి, బూజు వెళ్లలేదు. కేరళలో మనం చూసే రబ్బరు తోటలూ ఆ వంశమే.

బెల్టెర్రా సాంతారెం నుంచి సుమారు 50 కిలోమీటర్లు, రోడ్డు బాగుంది, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఫోర్డ్ కంపెనీ పెట్టుకున్న మొక్కల తెగుళ్ల నిపుణుడు జేమ్స్ వీర్ వచ్చి చూసి, ఫోర్డ్‌లాండియా గుట్టలు వదిలి చదునైన పీఠభూమికి మారమన్నాడు. అలా 1934లో ఇది మొదలైంది. ఇక్కడ కాస్త బుద్ధి తెచ్చుకున్నారు: అంట్లు కట్టారు, తెగులు తట్టుకునే కొమ్మలను పైన అతికించారు. ఒక్కో చెట్టుకు అంత కూలి పెడితే ఖర్చు ఎక్కడ ఆగుతుంది? రెండో ప్రపంచ యుద్ధం నాటికి కృత్రిమ రబ్బరు కూడా వచ్చేసింది. 1945లో ఫోర్డ్ మనవడు రెండు ఊళ్లనూ సుమారు రెండున్నర లక్షల డాలర్లకు బ్రెజిల్ ప్రభుత్వానికి అప్పజెప్పాడు. అప్పటికి పోసింది 2 కోట్ల డాలర్లు దాటింది.

చూడటానికి బెల్టెర్రాయే హాయి. తెల్ల గోడలు, ఆకుపచ్చ అంచుల చెక్క ఇళ్లు, వెడల్పాటి తిన్నని వీధులు, వాటికి పేర్లకు బదులు అంకెలు. మూలమూలన ఫైరింజన్ వాళ్లు నీళ్లు పట్టుకునే ఎర్ర ఇనుప కుళాయిలు. ఇళ్లలో జనం ఉన్నారు, రంగులు వేసుకుంటున్నారు, అందుకే నిలబడ్డాయి. పెద్దవాళ్లు, పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇదొక్కటి చాలు, ఫోర్డ్‌లాండియా కోసం రాత్రంతా ఊయలలో వేలాడక్కర్లేదు. నచ్చనిది చుట్టుపక్కల దృశ్యం: అడవి పోయిన చోట చూపు ఆనినంత దూరం సోయా చేలు. రబ్బరు పోయి సోయా వచ్చింది, ఒకే పంట వేసే తీరు మాత్రం పోలేదు.

రాత్రి బసకు సాంతారెం కన్నా దగ్గర్లోని అల్తేర్ దో షావ్ అనే ఊరు మేలు. నది ఒడ్డు తెల్లటి ఇసుక, బసలు ఎన్నో, అన్ని ధరల్లో. సెలవు రోజుల్లో పాటల మోత మాత్రం భరించాలి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే ఇసుకంతా నీళ్ల కింద ఉంటుంది.

డబ్బు సంగతి: బ్రెజిల్‌లో అందరూ పిక్స్ వాడతారు, మన యూపీఐ లాంటిది. అక్కడి బ్యాంకు ఖాతా లేని మనకు అది దక్కదు, ఫోర్డ్‌లాండియాలో ఏటీఎం దొరుకుతుందన్న ఆశ వద్దు. సాంతారెంలోనే రియాల్ నోట్లు, అదీ చిన్నవి, తీసుకోండి. పోర్చుగీసు రాకపోతే ఫోన్‌లో అనువాదం యాప్‌ను నెట్ లేకుండా పనిచేసేలా ముందే దించుకోండి. ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు, లేదా అమెరికా నుంచి వెళ్లి అటునుంచి అటే ఇండియా వెళ్లేవాళ్లకు ఒక ముఖ్యమైన విషయం: ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుని, ఆ పసుపు కార్డు పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోవాలి. కార్డు లేకుండా బ్రెజిల్ నుంచి ఇండియాలో దిగితే ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి కాదు, క్వారంటైన్‌కు పంపిస్తారు.