కుక్క గుర్రుమనడం మాన్పిస్తానన్న ట్రైనర్‌కి డబ్బులు కట్టేముందు ఇది చదవండి

ఆ 'రెండు కుక్కలు, ఒకే గిన్నె' వీడియోల ఆయన ఎవరో మీలో చాలామందికి తెలుసు కాబట్టి పేరు రాయట్లేదు. మా కుక్క చిట్టికి నిన్న చెవి మీద కుట్లు పడ్డాయి.

కథ క్లుప్తంగా చెప్తా. టైగర్ పెద్దవాడు, చిట్టి తర్వాత వచ్చింది. అది దగ్గరికొస్తే వీడు గిన్నె మీదకి వంగి గబగబా మింగేవాడు. ఒళ్ళు బిగుసుకునేది, కంటి కొసన తెల్లగుడ్డు కనిపించేది. అప్పటికీ పోకపోతే గుర్రు. బంతి దగ్గరా అదే వరస. కానీ ఒక్కసారి కూడా కరవలేదు.

ఈయనొచ్చి చూసి, "ఇది డామినెన్స్ మేడమ్, ఇంట్లో ఆల్ఫా ఎవరో వీడికి తెలియట్లేదు" అన్నాడు. అంటే ఇది పెత్తనం కోసం గొడవ, గుంపు నాయకుడెవరో వీడికి తెలియాలి అని. టైగర్ మెడకి రిమోట్ కాలర్ (బటన్ నొక్కితే షాక్ కొట్టే పట్టీ) కట్టి, రెండింటి మధ్య ఒకే గిన్నె పెట్టాడు. గుర్రుమన్నప్పుడల్లా బటన్. మొదటిసారి నొక్కగానే టైగర్ కీచుమని వెనక్కి గెంతి, చిట్టి వైపు చూశాడు. బటన్ నొక్కిన మనిషి వైపు చూడనే లేదు. రిమోట్ సంగతి వాడికేం తెలుసు? అది దగ్గరికొస్తే మెడ దగ్గర నొప్పి పుడుతుంది, వాడికి అర్థమైంది అంతే. "చూశారా, ఆలోచిస్తున్నాడు" అన్నాడు మహానుభావుడు. నేనూ తలూపాను, డబ్బిచ్చి మరీ.

కోర్సు అయ్యేసరికి గుర్రు పోయింది. నిజంగానే పోయింది! రెండూ కలిసి తింటుంటే వీడియో తీసి, వెనక పాటేసి పెట్టుకున్నాడు. ఈసారి సౌండ్ తీసేసి చూడండి. టైగర్ తోక కాళ్ళ మధ్యకి పోయి ఉంటుంది, చెవులు తలకి అతుక్కుపోయి ఉంటాయి, రెండు ముద్దలకోసారి పెదాలు నాక్కుంటుంటాడు. దానికి ఈయన పెట్టిన పేరు 'ప్రశాంతత'.

నిన్న సోఫా కింద నుంచి పాత బంతి ఒకటి దొర్లుకుంటూ బయటికొచ్చింది. చిట్టి వాసన చూడబోయింది. గుర్రు లేదు, పళ్ళు చూపించడం లేదు, నేరుగా చెవి పట్టేశాడు. గుర్రుమని ఉంటే అది తప్పుకునేది, కనీసం నాకైనా తెలిసేది. కుక్కర్ కూత విసుగ్గా ఉందని ఆవిరి పోయే దారి మూసేశాడీయన. లోపల భయం ఉన్నచోటే ఉంది, ఇంకా పెరిగింది కూడా.

అసలు విషయం ఇప్పుడు చెప్తా. క్లినిక్‌లో లోపల చిట్టి చెవి చుట్టూ బొచ్చు తీస్తున్నారు, నేను బయట నిలబడి ఈయనకి ఫోన్ చేశా. "నేనున్నప్పుడు కరిచిందా మేడమ్? లేదుగా" అన్నాడు. "మీరంటే దానికి భయం లేదు. మీ బాడీ లాంగ్వేజ్ వీక్." చిట్టి ఏడుపు ఫోన్‌లో ఆయనకీ వినబడింది. ఒక్క క్షణం ఆగాడు. అయ్యో అంటాడనుకున్నా. "అడ్వాన్స్‌డ్ ప్యాకేజీ ఒకటుంది మేడమ్, పాత కస్టమర్లకి డిస్కౌంట్ ఇస్తున్నా" అన్నాడు. ఆ వీడియో అయినా తీసెయ్యమంటే "అది నా కంటెంట్" అని పెట్టేశాడు. తర్వాత బ్లాక్. ఎంత ప్రొఫెషనల్!

రాత్రి నిద్రపట్టక ఈ ఆల్ఫా గోలేంటో చదివా. ఒకచోట బంధించి ఉంచిన తోడేళ్ళని చూసి పుట్టించిన మాట అది. దాన్ని జనంలోకి తీసుకెళ్ళిన వాళ్ళలో ఒకరైన డేవిడ్ మీచ్ అనే తోడేళ్ళ పరిశోధకుడే, అడవిలో తోడేళ్ళ గుంపంటే మామూలుగా తల్లీతండ్రీ, వాటి పిల్లలూ అని 1999లో రాశాడు. వేల్స్‌లో షాక్ కాలర్లు 2010 నుంచే నిషేధం. మన ఆయన దగ్గరికి ఈ వార్తలింకా చేరినట్టు లేదు.

సరే, మీకు పనికొచ్చేవి. డాక్టరుగారు చెప్పినవే ఇవి. వేరే గదుల్లో తలుపేసి తిండి పెట్టండి, గిన్నెలు తీసేశాకే తలుపు తెరవండి. రెండూ కలిసున్నప్పుడు బంతులు, నమిలే ఎముకలు నేలమీద ఉండకూడదు (సోఫా కింద కూడా చూడండి). గుర్రుమన్నదాన్ని తిట్టకుండా రెండోదాన్ని పక్కకి పిలవండి. ఆ భయం పోగొట్టాలంటే, ఒళ్ళు బిగుసుకోనంత దూరంలో రెండోది కనబడినప్పుడల్లా మొదటిదానికి బాగా ఇష్టమైన ముక్క వెయ్యాలి, అది కనుమరుగవగానే ఆపేయాలి. దూరం చాలా నిదానంగా తగ్గించాలి. కొన్ని ఎప్పటికీ వేరుగానే తింటాయి, తిననివ్వండి. ఉన్నట్టుండి మొదలైతే ముందు డాక్టరుకి చూపించండి, ఒంట్లో నొప్పి ఉన్నా ఇలా చేస్తాయట. కొట్లాట మధ్యలో చేయి మాత్రం పెట్టొద్దు.

ట్రైనర్ కావాలంటే పెట్టుకోండి. ఫీజు మాట్లాడకముందే "కుక్క గుర్రుమంటే ఏం చేస్తారు?" అని అడగండి. 'కరెక్షన్' (అంటే షాక్‌లాంటి శిక్ష) అన్న మాట వినబడితే ఫోన్ పెట్టేయండి.